దారంతో కొలిచిన దూరం

ఎవరికైనా ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చిందనుకోండి, విసుక్కుంటాం. టైలర్ మాస్టరు మాత్రం ఆ మాట వినడానికే పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తున్నాడు. తనకు రాని భాషలో ఎవరో ఆడమనిషి మర్యాదగా ఏదో చెప్పి ఆగిపోగానే అమ్మయ్య అనుకుని, ఫోన్ని బల్ల మీద సుద్దముక్కల పక్కన పెట్టి మళ్లీ కత్తెర అందుకుంటున్నాడు. స్విచ్చాఫ్ అయితే బావగారు గాల్లో ఉన్నట్టు. మోగిందా, నేల మీద ఉన్నట్టు. అంటే విమానం ఎక్కనట్టు. అంటే తన గదిలో మంచం అంచున కూర్చుని, సర్దిన సూట్‌కేసు వంక దోషిలా చూస్తున్నట్టు. ఆయన నేల మీదుంటే చెల్లెలి కాపురం గాల్లో ఉన్నట్టు. ఇంతవరకూ లెక్క సులువే. కానీ ప్రతి లెక్కలోనూ ఒక మడతపేచీ ఉంటుంది. స్విచ్చాఫ్ ఎంతసేపు ఉంటే మంచిది? విమానమన్నాక ఎప్పుడో అప్పుడు దిగాలి కదా. దిగాల్సిన వేళ దాటాక కూడా మోగకపోతే అది ఎగరడం కాదు, నోరు మూసుకుని దాక్కోవడం. ఆయన దిగితేనే తనకి దిగులు దిగుతుంది. అసలు విమానమనే మాటలోనే ఉంది తిరకాసంతా, కాస్త కదిపితే అనుమానం, గట్టిగా కదిపితే అవమానం, ఎక్కడో అదృష్టవంతులకి మాత్రం అభిమానం. ఈ మాట భార్యతో అందామని నోరు తెరిచి, ఆవిడ కాజాలు కుట్టే పనిలో ఉండటం చూసి మూసుకున్నాడు. ఆవిడ పొద్దున్నే హెచ్చరించింది, ఇవాళ ఇంకో మాటల గారడీ చేస్తే మీ నోటికి కూడా కాజా తీసి గుండీ పెడతానని.

మధ్యాహ్నం మూడు. వీధిలో మనుషులు పలచబడ్డారు. ఎదురుగా కాగితాల షాపావిడ తలుపు సగం దించింది. మిషన్ మీద బొజ్జ లాయరుగారి కోటు, చేతులు ఇంకా అతకనిది, మొండెంలా పడి ఉంది. గోడ మీద ప్రపంచ పటం. నాలుగు షాపుల అవతల టికెట్లు అమ్మే కుర్రాడు ఎప్పుడో ఊరికే ఇచ్చిన పటం అది, అంచులు ఇస్త్రీ పెట్టె వేడికి పచ్చబడ్డాయి. దాని మీద రెండు గుండుసూదులు. ఎర్ర తలది చెల్లెలు, నీలం తలది బావగారు. చెల్లెలు కళ్లద్దాల ఫ్యాక్టరీలో అద్దాలు అరగదీస్తుంది. ఆయన రేవులో క్రేన్ నడుపుతాడు. పెళ్లయి మూడేళ్లు. కలిసి ఉన్నది కొత్తలో కొన్ని వారాలు, ఆ తర్వాత సెలవు దొరికినప్పుడు ఆమె వెళ్లి ఉన్న రెండు విడతలు. ప్రతిసారీ ఆమే వెళ్లింది. ఇద్దరి ఉద్యోగాలకీ ఇంకా గడువుంది, ఇద్దరూ వదులుకుని ఎక్కడికి రావాలన్న దాని మీద ఎడతెగని చర్చ ఉంది. ఒకరికి తెల్లవారితే ఇంకొకరికి పొద్దుగూకుతుంది. ఒకరు పళ్లు తోముకుంటూ మాట్లాడితే ఇంకొకరు ఆవలిస్తూ వింటారు. పటం మీద ఆ రెండు సూదులకీ మధ్య మొదట్లో సరదాగా ఒక తెల్లదారం కట్టాడు మాస్టరు, వదులుగా, పెళ్లి తోరణంలాగా. పోయిన నెల ఆ దారం తనే విప్పేశాడు. చూస్తుంటే తోరణంలా లేదు, బట్టలారేసే తాడులా ఉంది.

మెడలో టేపు తీసి పటం దగ్గరికి వెళ్లాడు. ఒక కొన ఎర్ర తల మీద పెట్టి, ఇంకో కొన నీలం తల దాకా లాగాడు.

"ఏవండీ, ఆ ఫోన్లో అడిగితే చిటికెలో చెప్తుంది కదా ఎంత దూరమో," అంది భార్య తలెత్తకుండానే.

"చెప్తుంది. అది చిటికెలో చెప్పేస్తే మిగతా సాయంత్రమంతా నేనేం చెయ్యను?"

ఆవిడ సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. అది ఆవిడ ఒప్పుకోవడం. అసలు ఫోన్ చెప్పేవి కిలోమీటర్లు. కిలోమీటర్లతో మాస్టరు ఎవరికీ ఏదీ కుట్టలేదు. ఎవరైనా ఒళ్లు చూపించడానికి సిగ్గుపడితే, సరిగ్గా పట్టే పాత చొక్కా ఒకటి ఆదిగా ఇమ్మంటాడు. ఆది ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు. ఈ దూరానికి కూడా ఒక ఆది కావాలి. ఉంది. మూడేళ్ల కింద చెల్లెలు ఇక్కడి నుంచి మొదటిసారి వెళ్లినప్పుడు తొమ్మిది గంటలు పట్టింది. దిగగానే ఫోన్ చేసి, అన్నయ్యా, పక్క సీటాయన తొమ్మిది గంటలూ నా భుజం మీదే నిద్రపోయాడు, భుజం కొలత మారిపోయిందేమో అంది. సరే, ఇక్కడికీ ఎర్ర తలకీ మధ్య టేపు పెట్టి చూశాడు. ఆ పొడవుకి తొమ్మిది గంటలు. అయితే ఎర్ర తలకీ నీలం తలకీ మధ్య పొడవుకి ఎన్ని? దాదాపు పద్నాలుగు. బావగారు ఎక్కాల్సిన విమానం మన వేళకి తెల్లవారుజామున అయిదింటికి లేచింది. పద్నాలుగు కలిపితే రాత్రి ఏడు. అంటే ఇంకా నాలుగు గంటలు హాయిగా స్విచ్చాఫ్ రావచ్చు. నాలుగు గంటల ధైర్యం. గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయని అంటారు. తన గుండెలో మాత్రం పొద్దుటి నుంచీ విమానాలే తిరుగుతున్నాయి, దిగడానికి చోటు దొరక్క. ఇప్పుడు కాస్త ఖాళీ అయ్యింది.

మన వేళకి అయిదింటికి ఎక్కుతున్నానని బావగారు ఒక్క ముక్క రాసి పంపాడు కానీ, ఏ విమానమో, ఏ వేళకి దిగుతుందో తను అడగలేదు. అడిగితే నమ్మకం లేక అడిగినట్టు ఉంటుంది. చెల్లెల్ని అడగనే కూడదు. నువ్వు మధ్యలో రాకన్నయ్యా, వస్తే వస్తాడు, నేను ఎయిర్‌పోర్టుకి కూడా వెళ్లను, ఇల్లు తెలుసుగా, వెతుక్కుంటూ వస్తే తలుపు తీస్తాను అంది. ఆ గొంతులో నీళ్లు లేవు. అదే భయం వేసింది మాస్టరుకి. చిన్నప్పుడు అది ఏడ్చినంతసేపూ బాగుపడే గొడవే అని తెలిసేది, ఏడుపు ఆపి జడ తనే వేసుకోవడం మొదలుపెడితేనే ఇంట్లో అందరూ హడలిపోయేవారు. అమ్మా నాన్నా పోయాక దాన్ని బడికి పంపింది తనే. బడి స్కర్టు కుట్టేటప్పుడు అడుగున నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టేవాడు, ఏడాదికి ఒక వేలు చొప్పున విప్పుకోవచ్చని. మడత విప్పిన చోట పాత గీత కనిపిస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. అది ఆ గీతలు చూపించి స్నేహితురాళ్లకి చెప్పేదట, ఇది నా రెండో క్లాసు, ఇది నా మూడో క్లాసు అని. పెళ్లిలో కూడా అలా లోపల కొంచెం వదలాలి బట్ట. ఈ ఇద్దరూ వదల్లేదు. బిగుతుగా కుట్టుకున్నారు. ఒకళ్లు వంగితే ఇంకొకళ్ల దగ్గర పిగులుతుంది.

పిగిలింది పోయిన నెల. చెల్లెలికి పిత్తాశయంలో రాళ్లు. రాళ్లేముంది, ఏరిపారేస్తారు అని నవ్వించబోయాడు తను. ఆపరేషన్ అయ్యాక పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ట్యాక్సీలో ఒక్కతే ఇంటికి వచ్చి, పొట్ట ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తాళం తీసుకుంది. బావగారు పూలు పంపాడు. పెద్ద గుత్తి, కూజా లేక వాటిని స్నానాల బకెట్టులో పెట్టింది. కుట్లు వేశారన్నయ్యా అంటే, ఏ కుట్టు, పరుగు కుట్టా, వెనక్కి కుట్టా, గట్టిగా వేశారా, మనిషి ఎవరు, మిషన్ ఏది అన్నాడు తను. నవ్వించకు, లాగుతున్నాయి అని నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పి ఏడుపైపోయింది. తర్వాత వారం బావగారితో అన్నదట, ఫోన్లు చాలు, వస్తే మనిషిగా రా, రాకపోతే ఫోన్ కూడా చెయ్యకు, శనివారం దాకా చూస్తాను. ఇవాళ శనివారం. ఆపరేషనప్పుడు మీరైనా వెళ్లాల్సింది కదా అంది భార్య అప్పట్లో. సీజను కదా. పెళ్లి కోట్లు. ఆ నెలంతా కోట్లే. కోట్లంటే డబ్బు కాదు, కోట్లు. లాయరుగారిదే రెండు. ఆ రెండోదానికి ఇంకా చేతులు అతకలేదు, ముందు ఆ పని చూడాలి, భుజం దగ్గర కాస్త పీక్కుపోతోంది.

కోటు చేతిలోకి తీసుకున్నాడు కానీ మనసు ఇంకో కోటు దగ్గరికి పోయింది. బావగారి పెళ్లి కోటు. పెళ్లికి ఆయన ఓడలో వచ్చాడు. సరుకుల ఓడలో, స్నేహితుడి సిఫారసుతో, ఎన్నో రోజులు నీళ్ల మీద. రేవు మనిషి కదా, ఓడలంటే ఇష్టమని అందరూ మురిసిపోయారు. ఇదే షాపులో, ఇదే బల్ల ముందు నిలబెట్టి కొలతలు తీశాడు. బావగారూ, చేతులెత్తండి అన్నాడు తను. అలాగే బావగారూ అన్నాడు ఆయన. ఇద్దరూ ఒకరినొకరు బావగారూ అనుకునే ఈ చుట్టరికంలో ఎవరు ఎవరో తెలుసుకోవాలంటే ఎవరి మెడలో టేపుందో చూడాలి. మాస్టరుకి ముప్ఫై ఏళ్ల అనుభవంలో తెలిసిన సంగతి ఒకటుంది. చేతులు రెండూ పైకెత్తి, ఊపిరి మామూలుగా వదలండి అంటే మనుషులు ఊపిరితో పాటు ఇంకేదో కూడా వదిలేస్తారు. ఎదురుగా అద్దం, వెనక ముఖం కనబడని మనిషి, చంకల కింద చల్లటి టేపు. ఎవరెవరో ఏవేవో చెప్పారు. ఒకాయన ఉద్యోగం పోయిందని భార్యకి చెప్పే ముందు మాస్టరుకి చెప్పాడు. బావగారు చెప్పింది చిన్న మాటే. బావగారూ, విమానమంటే నాకు ప్రాణం పోతుంది, ఓడలో అందుకే వచ్చాను, ఆమెకి చెప్పకండి.

రోజంతా అంతెత్తున గాజు గదిలో కూర్చుని కంటెయినర్లు ఎత్తే మనిషి. ఎత్తేవాడికి ఎత్తంటే భయమా అని ఆ పూట నవ్వబోయి, అద్దంలో ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. ఎత్తు కాదు బావగారూ, క్రేన్ కాళ్లు నేలలో ఉంటాయి, ఆపాలంటే నా చేతిలో ఉంటుంది, విమానంలో ఏదీ నా చేతిలో ఉండదు అన్నాడాయన. ఛాతీ కొలత రాసుకున్నాడు తను. ఆ మాట రాసుకోలేదు, కానీ కుట్టేసుకున్నాడు. గుట్టుగా కుట్టుకుంటేనే అది గుట్టు. ఈ వృత్తిలో రాతకోతలు లేని నియమం ఒకటుంది, ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పకూడదు. మొగుడి నడుం ఎంత పెరిగిందో పెళ్లానికి చెప్పకూడదు, పెళ్లాం భుజాలు ఎంత వాలాయో మొగుడికి చెప్పకూడదు. నేర్పిన గురువు కత్తెర పట్టించే ముందే ఇది నేర్పాడు. నేర్పాడు సరే, చెల్లెలు బకెట్టులో పూల గురించి చెప్పి, నన్ను చూడాలని కూడా లేదా అన్నయ్యా ఆ మనిషికి అని అడిగినప్పుడు నాలుక చివర దాకా వచ్చిన మాటని మింగడం ఎవరు నేర్పారు? అప్పుడు చెప్పి ఉంటే? భయస్తుడు, రాయి కాదు అని ఒక్క మాట. ఒక్క మాట చెప్తే ఆమె మెత్తబడేదేమో. లేక, ఇన్నాళ్లూ నీకు తెలిసి నాకు తెలియలేదా అని ఇద్దరినీ కలిపి కత్తిరించేసేదేమో. గుడ్డని రెండోసారి కొలవచ్చు, రెండోసారి కత్తిరించలేం.

కోటు భుజం ఇంకా పీక్కుపోతూనే ఉంది. బొజ్జ లాయరుగారితో ఎప్పుడూ ఇదే తంటా. బల్ల మీద పరిస్తే ఎంత తిన్నగా ఉంటుంది బట్ట, ఆయన మీద వేస్తే గీతలన్నీ వంకర. ఆయన్ని కొలిచేటప్పుడు భుజం నుంచి అవతలి నడుం దాకా టేపు తిన్నగా లాగితే బొజ్జ శిఖరం మీదుగా పోతుంది, బోలెడు పొడవొస్తుంది. కాస్త పైకి జరిపి, ఛాతీ వాలు మీదుగా పోనిస్తే తగ్గుతుంది. గుండ్రటి మనిషి మీద దగ్గరి దారి బల్ల మీది దారి కాదు. అందుకే కదా బట్టకి అక్కడక్కడా చీలిక మడతలు పెట్టి లోపలికి లాక్కుంటాం, చదునుది గుండ్రంగా కూర్చోవాలని. మడతలు పెట్టని బట్ట వేసుకుంటే లాయరుగారు గుడారంలా ఉంటారు. మడతలు పెట్టని బట్ట. మాస్టరు చెయ్యి ఆగిపోయింది. తలెత్తి గోడ వంక చూశాడు. పటం. చక్కగా, తిన్నగా, ఒక్క ముడత లేకుండా, మేకులకి బిగించి ఉంది. భూమికి బొజ్జ ఉంటుంది. ఆ పటానికి ఒక్క మడతైనా లేదు. ఇంతసేపూ తను కొలిచింది మనిషిని కాదు, బల్ల మీద పరిచిన గుడ్డని.

"ఎక్కడికి?" అంది భార్య.

"భూమిని చూసొస్తాను."

"పాపం, ఎదురు చూస్తూ ఉంటుంది. వచ్చేటప్పుడు తెల్ల రీలు ఒకటి తెండి."

వీధి దాటుతుంటే జేబులో ఫోన్ బరువుగా ఊగింది. కాగితాల షాపావిడ సగం దించిన తలుపు కింద నుంచి వంగి లోపలికి వెళ్లాడు. లోపల రబ్బరు వాసన, కొత్త కాగితం వాసన, ఆవిడ తాగి పక్కన పెట్టిన టీ వాసన. కిటికీలో ఎప్పటి నుంచో అమ్ముడుపోని గ్లోబు ఒకటుంది, ఎండ తగిలిన వైపు సముద్రాలు తెల్లబోయి, నీడ వైపు నీలంగా. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే దారం తీసి ఒక కొన చెల్లెలి ఊరి మీద గోటితో నొక్కాడు, ఇంకో కొన బావగారి రేవు మీద.

"కొంటారా మాస్టారూ, కొలుస్తారా?" అంది ఆవిడ.

"కొలుస్తున్నానమ్మా. కొలిచే ప్రతిదీ కొనలేం కదా."

"మీరు కళ్లు మూసుకుని కొలుస్తుంటే పూజ చేస్తున్నారేమో అనుకున్నాను."

కళ్లు మూసుకున్నట్టు తనకి తెలియదు. తెరిచాడు. దారం వదులుగా పడి ఉంది, పటంలో ఉన్నట్టే అడ్డంగా, సముద్రం మీదుగా. మెల్లిగా బిగించాడు. బిగించేకొద్దీ దారం తనంతట తనే పైకి జరగడం మొదలుపెట్టింది. అడ్డంగా ఉన్నది విల్లులా వంగి, తెల్లటి మంచు దేశాల అంచు దాకా పాకి, అక్కడ కదలకుండా నిలిచింది. లాయరుగారి ఛాతీ వాలు. ఇదా దగ్గరి దారి. ఆ పొడవు పట్టుకుని, ఇక్కడి నుంచి చెల్లెలి ఊరికి ఉన్న పొడవుతో పోల్చి చూశాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఆది తొమ్మిది గంటలది. ఇది దానికంటే కాస్తే ఎక్కువ. పద్నాలుగు కాదు. పది. అటూ ఇటూగా పది. అయిదింటికి లేచిన విమానం మూడింటికి దిగాలి. ఆవిడ గోడ గడియారంలో మూడున్నర దాటుతోంది.

దగ్గరి దారి దొరికితే ఎవరైనా సంతోషిస్తారు. మాస్టరుకి మాత్రం అది నష్టమే. చేతిలో ఉన్న నాలుగు గంటల ధైర్యాన్ని ఎవరో ఒక్క లాగుడుకి లాక్కుపోయారు, దారం కొస కూడా మిగల్చకుండా. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. అదే ఆడమనిషి, అదే మర్యాద, అర్థం కాని అవే మాటలు. స్విచ్చాఫ్. పొద్దుటి నుంచీ చల్లగా వినిపించిన మాట ఇప్పుడు సూదిలా దిగింది. విమానం దిగి అరగంట. మనుషులు దిగీ దిగకముందే ఫోన్లు వెలిగించుకుంటారట కదా, చెల్లెలు చెప్పేది, చక్రాలు నేలకి తగలగానే కీచురాళ్లు అరిచినట్టు అన్నీ ఒక్కసారి కూస్తాయని. ఆయనది కూయలేదు. అయితే ఎక్కలేదు. ఎయిర్‌పోర్టు దాకా వచ్చి ఉంటాడు. సూట్‌కేసు ఇచ్చేదాకా కూడా వచ్చి ఉంటాడు. ఆ గొట్టంలాంటి దారిలో, విమానం తలుపు కనిపించే మలుపులో కాళ్లు ఆగిపోయి ఉంటాయి. వెనక వాళ్లు, కాస్త జరగండి అని ఉంటారు. జరిగి, జరిగి, గోడకి ఆనుకుని, అందరికీ దారి ఇచ్చి, తనకి మాత్రం దారి లేక. ఆ గోడ ఎలా ఉంటుందో, చెయ్యి వేస్తే చల్లగా, లోపల ఏదో యంత్రం వణుకుతున్నట్టు ఉంటుందని మాస్టరుకి ఎలా తెలుసు? ఊహించాడు, అంతే. మనిషన్నాక ఊహిస్తాడు. గ్లోబు తీసుకెళ్లి కిటికీలో పెట్టాడు, ఎండ తగలని వైపు బయటికి తిప్పి.

"దారం రీలు ఏదైనా ఇవ్వనా?" అంది షాపావిడ వెనక నుంచి. ఇచ్చింది. తీసుకున్నాడు. ఏ రంగో చూడలేదు.

వీధి దాటడానికి ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు. సైకిలు ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. ఇప్పుడు చెల్లెలు ఏం చేస్తూ ఉంటుంది? దానికి ఇది పొద్దున. తల దువ్వుకుని, దుప్పటి మార్చి, మార్చలేదన్నట్టు మళ్లీ నలిపి, తలుపు చప్పుడు కోసం చెవులు అప్పగించి కూర్చుంటుంది. ఎయిర్‌పోర్టుకి వెళ్లనంది. వెళ్లనన్న మనిషి ఇంట్లో అటూ ఇటూ నడిచే దూరం కొలిస్తే ఎయిర్‌పోర్టుకి వెళ్లి రావచ్చు. ఇక సాయంత్రమయ్యేసరికి దువ్వుకున్న జడ విప్పేసి మళ్లీ తనే వేసుకుంటుంది. గట్టిగా. అంతే, అక్కడితో అయిపోతుంది. చెప్పెయ్యాలి. గురువు లేడు, ఉన్నా ఏమనుకున్నా సరే. కొలతలు చెప్పకూడదన్నది మనుషుల మానం కాపాడటానికి కానీ, ప్రాణాలు తియ్యడానికి కాదు కదా. చెల్లాయ్, ఆయన రాయి కాదు, భయస్తుడు, నాకు మూడేళ్లుగా తెలుసు, తిడితే నన్ను తిట్టు. చెప్పాక బావగారి ముఖం ఎలా చూడాలి? చేతులెత్తిన మనిషి జేబులోంచి తీసుకున్నట్టు కాదూ? షాపు మెట్టు మీద నిలబడి చెల్లెలి నంబరు తీశాడు. వేలు దాని మీద పెట్టబోయి, ఆఖరిసారి, ఒక్కసారి, అని పైనున్న బావగారి పేరు నొక్కాడు.

మోగింది.

మోగడం కూడా ఎలా మోగింది. బావగారి దేశంలో ఫోన్ ఒక్క పొడుగాటి కూతలా మోగుతుంది, రేవులో ఓడ కూసినట్టు. ఇది అలా లేదు. రెండు పొట్టి మోతలు, ఒక విరామం, మళ్లీ రెండు. ఇది చెల్లెలి దేశపు మోత. మూడేళ్లుగా ప్రతి ఆదివారం వింటున్న మోత. మాస్టరు మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు.

"బావగారూ," అంది అవతల గొంతు. బొంగురుగా, బావిలోంచి వస్తున్నట్టు.

"బావగారూ. దిగారా?"

"దిగాను. అందరూ దిగిపోయాక దిగాను. లేవలేకపోయాను. సీటు పట్టుకున్న చేతులు వదల్లేదు. ఒకావిడ వేళ్లు ఒక్కొక్కటీ విప్పి నీళ్లిచ్చింది. ఇప్పుడు ఇక్కడ బెంచీ మీద ఉన్నాను. కాళ్లు రావడం లేదు."

"వస్తాయి. మీతో పాటు ఎక్కినవే కదా, ఎక్కడికి పోతాయి."

అవతల ఊపిరి లాంటిది వినబడింది. నవ్వో, మరొకటో. తలుపు దగ్గర భార్య వచ్చి నిలబడింది, అవతలి గొంతు వినబడేంత దగ్గరగా, చేతిలో కాజా కుడుతున్న చొక్కాతోనే.

"బావగారూ, లేవండి. ఎడం కాలు ముందు. పెళ్లి ప్యాంటు కొలిచేటప్పుడు చూశాను, మీది ఎడం కాలు రవ్వంత పొడుగు, దానికి తొందరెక్కువ, దాన్ని నమ్ముకోండి. లేచారా? నాకు వినబడాలి."

"లేచాను."

"నడుస్తూ ఉండండి. నేను మాట్లాడుతూ ఉంటాను, అది నాకు ఎలాగూ జబ్బే. బొజ్జ లాయరుగారు పోయిన వారం ఏమన్నారో తెలుసా, మాస్టారూ, కోటు వదులుగా కుట్టండి, నేను పెరిగే పిల్లాణ్ణి అన్నారు. నడుస్తున్నారా? ఆయన్ని చుట్టి రావాలంటే కూడా టికెట్టు కావాలి. టేపు ఇటు నుంచి వేసి అటు వెళ్లి అందుకునేసరికి నాకు ఆకలేస్తుంది. పక్కన ఏం కనిపిస్తోంది?"

"సామాన్లు తిరుగుతున్నాయి. నాది ఒక్కటే తిరుగుతోంది."

"పాపం, దానికీ కళ్లు తిరిగి ఉంటాయి, దింపండి. దింపారా? ఇప్పుడు తలుపులు ఎటున్నాయో చూడండి. మీరు వచ్చిన దారి ఇప్పుడే కొలిచాను బావగారూ, అబ్బో అనుకున్నాం కానీ అంత లేదు. పైనుంచి చుట్టి వస్తే జానెడు. మిగిలింది నాలుగు అడుగులు. ఇక్కడ ఏదైనా మీ చేతిలోనే ఉంది, ఆపాలంటే ఆగొచ్చు. ఆగకండి."

చక్రాల చప్పుడు. మనుషుల గోల. తలుపు ఏదో జారి తెరుచుకున్న శబ్దం. ఆ తర్వాత చక్రాల చప్పుడు ఆగింది.

"బావగారూ? పడిపోయారా?"

ఫోన్ ఎక్కడో నడుం దగ్గర పట్టుకున్నట్టుంది, బట్ట రాసుకుంటున్న చప్పుడు. అందులోంచి, దూరంగా, ఒక గొంతు. ఎయిర్‌పోర్టుకి రానన్న గొంతు.

"ఏంటిలా తడిసిపోయావు? వానా?"

"భయమేసింది."

"దేనికి? నేనేమన్నా అంటాననా?"

"కాదు. విమానం. నాకు మొదటి నుంచీ..."

మాస్టరు ఫోన్ కట్టేశాడు. బొటనవేలు గట్టిగా నొక్కి, ఆరిపోయిందో లేదో రెండుసార్లు చూసుకుని, మోకాలి మీద పెట్టుకున్నాడు. వీధి అలాగే ఉంది. కాగితాల షాపావిడ తలుపు పూర్తిగా ఎత్తి, బయట ముక్కాలి పీట వేసుకుంది. భార్య వచ్చి మెట్టు మీద పక్కన కూర్చుంది. కాసేపు సూది పని చూసుకుంది.

"కట్టేశారేం, ఏమందో వినొచ్చుగా."

"అక్కడ ఇంక నాకు పని లేదు."

"ఆయనకి విమానమంటే భయమని నాతో కూడా అనలేదు మూడేళ్లూ."

"ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పకూడదే."

"నేను ఇంకొకరినా?"

దీనికి మాస్టరు దగ్గర మాట ఉండాలి. ఏ మాటకైనా ఉంటుంది. వెతికాడు, జేబులు తడుముకున్నట్టు. అక్కడ చెమటతో తడిసిన మనిషి ఒకడు, అంతమంది మధ్య, తను దాచుకున్న దాన్ని భార్య ముందు పెడుతున్నాడు ఈ క్షణాన. చేతులు ఎత్తమని ఎవరూ అనలేదు ఆయన్ని. చేతిలో రీలు వంక చూశాడు. తెలుపు కాదు, ఏదో బూడిద రంగు. ఎవరికీ పనికిరానిది.

"ఆపరేషనప్పుడు సీజనని అన్నాను కదా."

"అన్నారు."

"సీజను ఉంది. కానీ సీజను కాదు. నాకూ ఆయనలాగే. ఆ తలుపు దాకా ఊహించుకుంటేనే..."

"తెలుసు," అంది ఆవిడ.

"ఎలా?"

"పాస్‌పోర్టు ఫొటోకని మూడుసార్లు బయల్దేరారు. మూడుసార్లూ గుండీలు కొనుక్కొచ్చారు."

ఆవిడ కాజా ఆఖరి కుట్టు వేసి, ముడి బిగించి, చొక్కాని వెలుగుకి ఎత్తి చూసుకుంది.

"రేపు షాపు తెరవద్దు. నేనూ వస్తాను మీతో," అంది. "ఫొటో నేల మీదే తీస్తార్లెండి."